నడిమివాడి లెక్క

2019 ఫిబ్రవరి 6న డాలస్‌లో మావెరిక్స్, షార్లట్ హార్నెట్స్ జట్ల మధ్య బాస్కెట్‌బాల్ మ్యాచ్. మావెరిక్స్ తరఫున బరిలోకి దిగిన హారిసన్ బార్న్స్‌ను శాక్రమెంటో కింగ్స్‌కు ఇచ్చేశారన్న వార్త ఆట సాగుతుండగానే బయటికి పొక్కింది. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. బార్న్స్ లేచి వెళ్లిపోలేదు. ఇక తనది కాని జట్టు యూనిఫారంలోనే, మ్యాచ్ ముగిసేదాకా సహచరుల పక్కనే ఉండిపోయాడు. ఆటగాడు జట్టు మారితే స్వార్థపరుడంటారు, జట్టే ఆటగాణ్ని మార్చేస్తే మంచి నిర్ణయమంటారు, ఇదేం తీరని మేటి ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ సోషల్ మీడియాలో నిలదీశాడు.

అతను అడిగింది ధర్మం గురించి. ఆటల పేజీలో తేలిపోయే ప్రశ్న కాదది. ఒక మనిషిని ఇచ్చి ఇంకో మనిషిని తెచ్చుకోవచ్చా? జీతం పైసాతో సహా ముట్టజెప్పాక అతనికి ఇంకేమైనా బాకీ ఉంటుందా? కోట్ల డాలర్లు అందుకునేవాళ్ల గోడు మనకెందుకని కొందరు కొట్టిపారేస్తారు. డబ్బు ఎంత ముట్టినా ఈ ప్రశ్న అలాగే నిలుస్తుంది. పైగా ఇక్కడ ప్రతిదీ అంకెల్లో, అందరి కళ్లముందు జరుగుతుంది. మామూలు ఉద్యోగాల్లో మరుగున ఉండేది కూడా ఇక్కడ బయటపడుతుంది.

ముందు లెక్క. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాలకు మొత్తం ఎంత పెట్టొచ్చో ఏటా ఒక హద్దు గీస్తారు. అదే శాలరీ క్యాప్. 1984-85లో అది 36 లక్షల డాలర్లు. 2025-26లో 15 కోట్ల 46 లక్షలు. సొంత ఆటగాణ్ని నిలుపుకోవడానికి ఆ హద్దు దాటొచ్చు. ఆ వెసులుబాటుకు బోస్టన్ దిగ్గజం ల్యారీ బర్డ్ పేరే స్థిరపడింది. అయితే మరీ ఎక్కువగా దాటితే లగ్జరీ ట్యాక్స్ మీద పడుతుంది. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న 2023 ఒప్పందంతో 'సెకండ్ ఏప్రన్' అనే ఇంకో గీత వచ్చింది. 2025-26లో 20 కోట్ల 78 లక్షల దగ్గరున్న ఆ గీత దాటిన జట్టుకు చేతులు కట్టేసినట్టే. ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోవడానికి కూడా వీలుండదు. క్యాప్ దాటి ఉన్న జట్టు ఎవరినైనా మార్పిడిలో, అంటే ట్రేడ్‌లో, తెచ్చుకోవాలంటే వచ్చే జీతానికీ పోయే జీతానికీ పొంతన కుదరాలి.

ఈ గీతల వెనక ఒక న్యాయం ఉంది, దాన్ని కాదనడం కుదరదు. క్యాప్ లేకపోతే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ జట్లు డబ్బు కుమ్మరించి మేటి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతాయి. ఓక్లహామా సిటీ లాంటి ఊళ్లకు మిగిలేది ప్రేక్షక పాత్రే. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు కప్పు గెలిచాయి, ఏడోది ఆ ఓక్లహామా సిటీయే. ఇది యజమానులు ఒంటిచేత్తో రుద్దిన నియమం కూడా కాదు. ఆటగాళ్ల సంఘం బేరమాడి, ఆదాయంలో సగం వాటా దక్కించుకుని సంతకం పెట్టింది. అంతకుముందు కాలంలో ఆటగాడు ఒకే జట్టుకు కట్టుబడి పడి ఉండాల్సి వచ్చేది. ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో 1970లో వేసిన దావా 1976లో రాజీకి వచ్చాకే ఆ ముడి వదులైంది.

చిక్కల్లా ఏమిటంటే, హద్దు గీసిన చోట ఔదార్యం కూడా ఇంకొకరి పళ్లెంలోంచే తీయాలి. ఒకరికి కృతజ్ఞతగా కోటి ఎక్కువిస్తే ఇంకొకరికి చోటు పోతుంది. ఆ బరువు తానే మోసినవాడు డాలస్ ఆటగాడు డర్క్ నొవిట్‌స్కీ. 2014లో పెద్ద జీతం ఇస్తామని వేరే జట్లు పిలుస్తున్నా వద్దనుకుని, మూడేళ్లకు రెండున్నర కోట్ల డాలర్లకే ఉండిపోయాడు. మిగిలిన చోటుతో జట్టు చాండ్లర్ పార్సన్స్‌ను తెచ్చుకుంది. నొవిట్‌స్కీ మొత్తం 21 సీజన్లు ఒకే జట్టుకు ఆడాడు. అతని త్యాగం మెచ్చదగ్గదే. దాన్నే కొలబద్దగా పెట్టుకుని మిగతా ఆటగాళ్లను తూచడం మాత్రం న్యాయం కాదు. 2002లో 36 కోట్ల డాలర్లకు కొన్న బోస్టన్ సెల్టిక్స్‌ను 2025లో 610 కోట్లకు అమ్మారు. యజమాని లాభానికి క్యాప్ లేదు.

ఆటగాళ్లను అటూ ఇటూ మార్చే మేనేజర్ల తర్కం భారతం చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. కులం కోసం ఒకణ్ని, ఊరి కోసం కులాన్ని, దేశం కోసం ఊరిని వదులుకోవచ్చని విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతి అదే. జట్టు బాగు కోసం ఒకణ్ని వదులుకోవాలి. వినడానికి తిరుగులేని మాట. అయితే విదురుడు ఆ మాట చెప్పింది దుర్యోధనుడి గురించి. వంశాన్ని నాశనం చేయబోతున్నవాణ్ని, తప్పు చేస్తున్నవాణ్ని వదిలెయ్యమన్నాడు. ఎవరికీ కీడు చెయ్యని, పైగా ఇంటిని నిలబెట్టిన కొడుకును అమ్ముకోమని అనలేదు. ఈ తేడాను వదిలేసి నీతిని మాత్రం పట్టుకుంటే ఏమవుతుందో ఐజయా థామస్ కథలో కనిపిస్తుంది.

థామస్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఆరడుగుల వాళ్లు కూడా పొట్టిగా కనిపించే ఆట అది. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో, అందరికంటే చివర, 60వ వాడిగా ఎంపికయ్యాడు. 2015లో బోస్టన్ చేరి, 2016-17లో మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది అతని జీతం, తర్వాతి ఏడాది జీతం కూడా 70 లక్షల డాలర్ల లోపే. అంతటి ఆటగాడికి అది చాలా తక్కువ. ఇంకొక్క ఏడాది గడిస్తే అతని జీవితంలో మొదటి పెద్ద ఒప్పందం చేతికందేది.

2017 ఏప్రిల్ 15న అతని చెల్లెలు కారు ప్రమాదంలో చనిపోయింది. మర్నాడే ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్. థామస్ ఆడాడు. ఏప్రిల్ 29న దేశం ఆ చివరనున్న టకోమాలో అంత్యక్రియలు జరిగాయి. రాత్రికి రాత్రి విమానంలో తిరిగొచ్చి 30 మధ్యాహ్నం వాషింగ్టన్ మీద బరిలోకి దిగాడు. ఆ ఆటలో ముందు పన్ను ఊడిపోయింది. మే 1న గంటల తరబడి దంతవైద్యం. మే 2న, బతికుంటే చెల్లెలు పుట్టినరోజు జరుపుకోవాల్సిన రోజున, 53 పాయింట్లు చేశాడు. సెల్టిక్స్ ప్లేఆఫ్స్ చరిత్రలో 1973లో జాన్ హావ్లిచెక్ చేసిన 54 తర్వాత అదే పెద్ద స్కోరు. ఇదంతా తుంటి గాయంతోనే. ఆ గాయం ముదిరి తర్వాతి రౌండ్ మధ్యలో కూలబడ్డాడు.

ఆగస్టు 22న బోస్టన్ అతన్ని క్లీవ్‌ల్యాండ్‌కు ఇచ్చేసింది. క్లీవ్‌ల్యాండ్ నుంచి వచ్చింది కైరీ అర్వింగ్. తనను వేరే జట్టుకు పంపమని అర్వింగే కోరుకున్నాడు. కోరిక అతనిది, మూల్యం థామస్‌ది. వైద్య పరీక్షల్లో తుంటిని చూసి క్లీవ్‌ల్యాండ్ పెదవి విరిచింది. ఏ గాయంతో బోస్టన్ కోసం ఆడాడో ఆ గాయానికే తరుగు కట్టి, సెల్టిక్స్ డ్రాఫ్ట్‌లో ఒక రెండో రౌండ్ ఎంపిక హక్కును అదనంగా కలిపి బేరం ముగించింది. థామస్ క్లీవ్‌ల్యాండ్‌కు 15 మ్యాచ్‌లు ఆడాడో లేదో, 2018 ఫిబ్రవరిలో అతన్ని లాస్ ఏంజెలెస్‌కు పంపారు. ఆ వేసవిలో డెన్వర్‌లో కనీస జీతానికి సంతకం పెట్టాడు. ఎదురుచూసిన పెద్ద ఒప్పందం ఎప్పటికీ రాలేదు.

బోస్టన్ తప్పేమీ చేయలేదనే వాదన గట్టిదే. తుంటి దెబ్బతిన్న, ముప్పైకి దగ్గరపడుతున్న పొట్టి ఆటగాడికి కోట్లు కుమ్మరిస్తే క్యాప్ ఐదేళ్లు బిగుసుకుపోయేది. మేనేజర్ డానీ ఎయింజ్ కూడా ఆటగాడిగా 1989లో ఇదే బోస్టన్ నుంచి శాక్రమెంటోకు ట్రేడ్ అయినవాడే. తనకు జరిగిందే ఇంకొకరికి చేశాడు. అంకెల వరకు అతను సరే.

కానీ ఒప్పందం కొనేది పనిని. ఏప్రిల్ 16న థామస్ ఇచ్చింది ఏ ఒప్పందంలోనూ లేదు. అతను ఆ రోజు ఆడకపోతే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అడగకుండా ఇచ్చినదాన్ని పుచ్చుకున్నప్పుడు రుణం పుడుతుంది, అది జీతంతో తీరేది కాదు. కిష్కింధలో లక్ష్మణుడు సుగ్రీవుడి మీద మండిపడింది ఈ విషయంలోనే. రాజ్యం చేతికొచ్చింది, వానాకాలం దాటిపోయింది, ఇచ్చిన మాట మాత్రం మరుగునపడింది. హైదరాబాద్ క్రికెట్ అభిమానులకు కూడా ఈ బాధ తెలుసు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టిన డేవిడ్ వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, ఆపై జట్టులోంచే పక్కనపెట్టారు. ఫామ్ పోయినవాణ్ని తప్పించకూడదని కాదు వాళ్ల కోపం. తెలుగు పాటలకు స్టెప్పులేసి ఇంటివాడైపోయినవాణ్ని సాగనంపిన తీరు మీద.

రుణం ఉంది కాబట్టి ఎన్నటికీ ట్రేడ్ చేయకూడదని కాదు. అలా అంటే థామస్ జీతం కోసం వదులుకోవాల్సి వచ్చే ఇంకొకరి పట్ల అన్యాయం జరుగుతుంది. రుణం కోరేది వేరే. అతనికి నిజం చెప్పాలి, ముందుగా చెప్పాలి, గాయం ఎవరి కోసం తగిలిందో వాళ్లు ఆ బరువులో పాలు పంచుకోవాలి.

పెద్ద పేర్ల వెంట వెళ్లేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుడి కథ ఉంది. హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు తన బదులు యాగంలో బలివ్వడానికి ఒక మనిషిని వెతుకుతూ, ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడి దగ్గరికి వస్తాడు. అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ని తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ని తల్లి ఇవ్వనంది. నడిమివాడు నూరావులకు అమ్ముడుపోయాడు. చాలా ట్రేడ్‌లలో ఒక నడిమివాడు ఉంటాడు. అతని ఆట కోసం కాదు, జీతాల పొంతన కోసం అతను కావాలి. థామస్‌తో పాటు జే క్రౌడర్‌ను, యాంటే జిజిచ్‌ను కూడా పంపారు. క్రౌడర్ తల్లి అప్పటికే క్యాన్సర్‌తో మంచాన ఉంది. కొడుకు ఆ వార్త ఆమె చెవిన వేశాడు. ఆ రాత్రే ఆమె కన్నుమూసింది. ఆ వారం విశ్లేషణలన్నీ అర్వింగ్, థామస్‌ల చుట్టూనే తిరిగాయి. శునశ్శేపుడు దేవతల దయతో బయటపడ్డాడు. తండ్రి మళ్లీ రమ్మంటే వెళ్లలేదు, విశ్వామిత్రుడికి కొడుకయ్యాడు. అమ్మినవాడు మళ్లీ తండ్రి కాలేడని ఆ కుర్రాడు తేల్చేశాడు.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఒక గీత గీశాడు. దేని బదులు సమానమైనది ఇంకొకటి పెట్టొచ్చో దానికి వెల ఉంటుంది. దేని బదులు ఏదీ పెట్టలేమో దానికి ఉండేది గౌరవం. జీతాల పొంతన నియమం అచ్చంగా మొదటి లెక్క. మనుషులు ఒకరికొకరు ఉపయోగపడటాన్ని కాంట్ కూడా తప్పనలేదు. ఉపయోగంగా మాత్రమే చూడటం తప్పన్నాడు. ఆటగాడు సంతకం పెట్టాడు కాబట్టి సమ్మతించినట్టేనంటారు. అయితే 19 ఏళ్ల కుర్రాడు డ్రాఫ్ట్‌లో ఏ ఊరికి వెళ్లాలో తాను ఎంచుకోడు. ట్రేడ్ వద్దని అడ్డుచెప్పే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలంటే లీగ్‌లో ఎనిమిదేళ్లు, అదే జట్టులో నాలుగేళ్లు గడిపి ఉండాలి. అది కూడా జట్టు ఒప్పుకుంటేనే. నడిమివాడి దాకా ఆ హక్కు రాదు.

గెలిస్తే అన్నీ కడిగేసుకుపోతాయని ఇంకో వాదన. 2018 జులైలో టొరంటో, తొమ్మిదేళ్లుగా తనకోసం ఆడిన డిమార్ డిరోజన్‌ను శాన్ ఆంటోనియోకు ఇచ్చి కవై లెనార్డ్‌ను తెచ్చుకుంది. నిన్ను పంపబోమని తనకు చెప్పారని డిరోజన్ వాపోయాడు. పొరపాటు జరిగిందని మేనేజర్ మసాయ్ ఉజిరి క్షమాపణ చెప్పాడు. 2019 జూన్‌లో టొరంటో కప్పు గెలిచింది. మరుసటి నెలలోనే లెనార్డ్ వెళ్లిపోయాడు. బోస్టన్ కూడా అదే పని చేసింది, అర్వింగ్ రెండేళ్లు ఉండి కప్పు లేకుండానే వెళ్లిపోయాడు. ఒకే తరహా పని ఒకచోట ఒప్పు, ఇంకోచోట తప్పు ఎలా అవుతుంది? చేసిన రోజున ఫలితం రెండు జట్లకూ తెలియదు. తెలిసింది ఒక్కటే, ఎదుటి మనిషికి ఏం చెబుతున్నామో, ఏం దాస్తున్నామో. తీర్పు అక్కడే పడాలి.

దాపరికం విషయంలో 2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి వేళ డాలస్‌లో జరిగిందాన్ని మించింది లేదు. ముందు ఏడాదే జట్టును ఫైనల్స్‌కు చేర్చిన 25 ఏళ్ల లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చి ఆంథనీ డేవిస్‌ను తెచ్చుకున్నారు. డాన్చిచ్‌ను ఉంచుకుంటే ఆ వేసవిలో ఐదేళ్లకు దాదాపు 34 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం ఇవ్వాల్సి వచ్చేది. ఎప్పటికీ ఇక్కడే ఉంటాననుకున్న అతనికి ఒక్క ముక్క ముందు చెప్పలేదు. అభిమానులు నొవిట్‌స్కీ విగ్రహం దగ్గర పూలు పెట్టారు, శవపేటిక తెచ్చారు. వాళ్లకు కడుపు మండింది అంకెలు తెలియక కాదు. ఏప్రిల్ 9న డాన్చిచ్ ప్రత్యర్థిగా డాలస్ వచ్చి, తన వీడియో చూపిస్తుంటే బెంచీ మీద కన్నీళ్లు పెట్టుకుని, ఆపై 45 పాయింట్లు చేశాడు. మేనేజర్ నికో హారిసన్‌ను నవంబరులో తొలగించారు.

ముందే చెప్పడంలోనూ ప్రమాదం ఉందన్నది నిజమే. 2011 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ లేకర్స్ తలపెట్టిన ట్రేడ్‌ను లీగ్ అడ్డుకున్నాక, తనను వదిలించుకోవాలనుకున్నారని తెలిసిన లామార్ ఓడమ్ ఆ జట్టులో నిలవలేకపోయాడు. కొద్ది రోజుల్లోనే డాలస్ వెళ్లిపోయాడు. అయినా ఓడమ్‌ను గాయపరిచింది నిజం తెలియడం కాదు, ఆ నిజం తెలిసిన తీరు. అన్నిటికంటే సహించరానిది నియమాల్లోని వాలు. 2019 జనవరిలో తనను ట్రేడ్ చేయమని ఏజెంటు చేత బహిరంగంగా అడిగించినందుకు ఆంథనీ డేవిస్‌కు 50 వేల డాలర్ల జరిమానా వేశారు. అదే ఆటగాణ్ని జట్టు గుట్టుగా ఎన్ని చోట్ల బేరానికి పెట్టినా జరిమానా లేదు.

ఇప్పుడున్న ఒప్పందం 2029-30 సీజన్ దాకా నడుస్తుంది. తర్వాతి బేరసారాలకు ఆటగాళ్ల సంఘం కూర్చున్నప్పుడు ఆదాయంలో వాటా గురించే కాక మూడు చిన్న విషయాలూ బల్ల మీద పెట్టాలి. ట్రేడ్ వార్త బయటికి రాకముందు జట్టు ప్రతినిధి స్వయంగా ఆటగాడితో మాట్లాడాలి. జట్టు కోసం ఆడుతూ గాయపడినవాణ్ని ఆ గాయం తగ్గకముందే పంపేస్తే, తర్వాతి ఒప్పందంలో అతను నష్టపోయినదాంట్లో కొంత భాగం పంపిన జట్టు భరించాలి. ట్రేడ్ వద్దనే హక్కు మేటి ఆటగాళ్ల దగ్గరే ఆగిపోకుండా, ఒకే జట్టులో నాలుగేళ్లు గడిపిన ప్రతివాడికీ ఒక్కసారైనా దక్కాలి. సెకండ్ ఏప్రన్‌ను ఆఖరి డాలరు దాకా లెక్కకట్టగల న్యాయవాదులకు ఈ మూడు క్లాజులు రాయడం కష్టం కాదు.