కాలయంత్రం లేకుండానే తెలిసిన రేపు

సైన్స్ ఫిక్షన్ సినిమాలంటే మీ ఇళ్లలో పిల్లలకు ఇష్టమే కావచ్చు. నాకు మొదటినుండీ వాటిపై అపనమ్మకం. మనుషుల కష్టసుఖాలు చెప్పడం చేతకానప్పుడు యంత్రాలను చూపి కాలక్షేపం చేస్తారని నా అభిప్రాయం. అది నేటికీ పెద్దగా మారలేదు. అయినా 2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు, చందానగర్‌లోని మా ఇంటి పిల్లలు పట్టుబడితే వెళ్లి చూశాను.

సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఈ చిత్రం మొదట విడుదలైంది 1991లో. కథ మీకు తెలిసినదే. సాలార్జంగ్ మ్యూజియంలో వజ్రం దొంగతనం, ఒక శాస్త్రవేత్త తయారుచేసిన కాలయంత్రం, అందులో బాలకృష్ణ, మోహిని 1526 నాటి విజయనగరానికి, అక్కడినుండి 2504కు వెళ్లడం. ఆ యంత్రం నాకు తిరునాళ్లలో రంగులరాట్నంలాగే కనిపించింది. మీట నొక్కితే శతాబ్దాలు దాటడమేమిట్రా అని పక్కనున్న మనవణ్ణి అడిగితే, “సినిమా చూడు తాతయ్యా” అన్నాడు.

రాయల సభ వచ్చేసరికి మాత్రం నాకు మనసు కుదురుగా లేదు. తెనాలి రామకృష్ణునిగా చంద్రమోహన్ గారిని చూసి హాలంతా నవ్వుతోంది. కాని అది 1526. మరో 39 ఏళ్లకు, 1565 జనవరిలో, తళ్లికోట యుద్ధం. ఆ తరువాత నగరాన్ని దోచుకున్నారు, కూల్చారు. హంపీ వెళ్లినవారు మిగిలిన రాళ్లను చూసే ఉంటారు. సభలో ఉన్నవారికి ఇదేమీ తెలియదు. తెలియనివారిని తప్పుపట్టలేం. తెలిసినవాడు అదే సభలో నవ్వుతూ కూర్చుంటే వాణ్ణి ఏమనాలి?

2504కు వచ్చేసరికి స్థానాలు తారుమారయ్యాయి. యుద్ధం వల్ల నేలమీద బ్రతకలేక మనుషులు భూగర్భంలో ఉంటున్నారు. వారికి మనమే చరిత్ర. మనం రాయల సభను చూసినట్టే వారు మనల్ని చూస్తారు. ఒక తేడా ఉంది. విజయనగరం వారికి రేపు తెలియదు. మనకు కొంత తెలుసు. అణుబాంబు ఏమి చేయగలదో 1945లోనే హిరోషిమాలో చూశాం.

అణుయుద్ధం మన చేతుల్లో లేదంటారా? ఒప్పుకుంటాను. చందానగర్ మాట చూద్దాం. ఈ సినిమా మొదటిసారి ఆడిననాటికి సైబర్ టవర్స్ లేదు, అది 1998లో వచ్చింది. మియాపూర్ దాకా మెట్రో రావడం 2017లో. ఉద్యోగాలు దొరికాయి, ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, కాదనను. కాని వేసవి వస్తే అపార్ట్‌మెంట్ల ముందు నీళ్ల ట్యాంకర్లు. మన బోరు ఎండితే ఇంకా లోతుకు వేయిస్తాం. దానివల్ల పక్కవారి బోరు ఎండుతుందని మనలో తెలియనివారెవరు? ఇది తెలుసుకోవడానికి ఏ శాస్త్రవేత్తా యంత్రం చేయనక్కరలేదు.

రాయల సభకూ తళ్లికోటకూ మధ్య 39 ఏళ్లు అన్నాను కదా. ఈనాడు మీ ఇంట్లో ఉన్న ఐదేళ్ల బిడ్డకు అన్నేళ్లు గడిస్తే 44 వస్తాయి. అప్పుడు ఆ బిడ్డ ఎక్కడి నీళ్లు తాగాలో, రేపటి అసోసియేషన్ మీటింగులో ఎవరైనా అడగండి. కొత్త బోరుకు చందా ఎంతన్న విషయం ఎలాగూ చర్చకు వస్తుంది.