కాలం బాగులేనప్పుడు అర్జన

మైలాపూరు సముద్రం ఒడ్డు ఊరు. పూర్వం ఇక్కడి తీరాన నేమినాథస్వామి ఆలయం ఒకటి ఉండేదనీ, సముద్రం పైకి వస్తుందన్న భయంతో పెద్దలు ఆ మూర్తిని తిండివనం ప్రాంతంలోని మేల్ చిత్తామూరుకు తరలించారనీ మన వారిలో వాడుక. భగవంతుని గుడికే చోటు నిలవని తీరంలో మన కొట్టుకు, మన ఉద్యోగానికి, మన రొక్కానికి శాశ్వతత్వం ఎక్కడిది? పన్నెండు భావనలలో అనిత్య భావనను మొదట పెట్టిన మన పూర్వులు ఈ సంగతి బాగా ఎరిగినవారే. అయినా వారు అంగళ్లు మూసుకొని కూర్చోలేదు. వ్యాపారం చేశారు, గడించారు, దానం చేశారు. ఏదీ నిలవదని తెలిసి కూడా మనిషి ఎట్లా సంపాదించాలి? ఈ వ్యాసంలో నేను యోచించదలచినది ఇదే.

ఈ ప్రశ్న నాకు గ్రంథంలో ఎదురుకాలేదు, ఇంట్లో ఎదురయింది. మా బంధువుల కుర్రవాడొకడు చదువు ముగించి ఒక కంప్యూటరు కంపెనీలో చేరి, మూడేళ్లు తిరగకముందే ఉద్యోగం పోయి ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్నగారి కొట్టు అప్పటికే చిక్కిపోయి ఉన్నది. ఒక సాయంత్రం అతడు నాతో, "బాబాయిగారూ, నమ్మకంగా పని చేసినవాడికీ భద్రత లేదు, నమ్మకంగా వ్యాపారం చేసినవాడికీ లేదు. ఇక ఈ నియమాలన్నీ ఎందుకండీ? కాలం బాగున్నప్పుడు పాటిద్దాం. ఇప్పుడు దొరికింది దొరికినట్లు పట్టుకుందాం" అన్నాడు. నేను కోప్పడలేదు. 2015 డిసెంబరు వరద, 2016 నవంబరు 8 నాటి నోట్ల రద్దు, 2020 మార్చిలో మొదలైన లాక్‌డౌన్, ఈ మూడూ అయిదేళ్లలోపల చూసిన పట్టణం మనది. ఆ మాట మనసులో అనుకోని వర్తకుడు మనలో ఎందరు? ఆ పూట నేను అతనికి జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తోచినది ఇక్కడ వ్రాస్తున్నాను.

మన పట్టణంలోనే జరిగిన ఒక పాత సంగతితో మొదలు పెడతాను. ఆర్బత్‌నాట్ కంపెనీ అనేది చెన్నపట్నంలో పేరుపొందిన దొరల వర్తక సంస్థ. దాదాపు వంద ఏళ్ల ప్రతిష్ఠ దానికి ఉండేది. ఉద్యోగులు, పింఛనుదారులు, జమీందార్లు, వితంతువులు తమ సొమ్మును అందులో దాచుకున్నారు. అది 1906 అక్టోబరు 22న తలుపులు మూసింది. లండనులో దాని వ్యవహారం చూసే భాగస్వామి మాక్‌ఫాడ్యెన్, పరుల సొమ్మును సట్టా వంటి వ్యవహారాలలో పోగొట్టి, అంతకు రెండు రోజుల ముందే ఆత్మహత్య చేసుకున్నాడు. ఇక్కడి పెద్ద సర్ జార్జి ఆర్బత్‌నాట్‌ను విచారించి 18 నెలల కఠిన శిక్ష వేశారు. వేలాది కుటుంబాలు ఒక్కనాట చితికిపోయాయి.

ఆ కంపెనీ ఎందుకు కూలింది? నష్టం వచ్చినందుకా? నష్టం ఏ వర్తకునికి రాదు? నష్టం వచ్చినప్పుడు "వచ్చింది" అని చెప్పనందుకు కూలింది. తన పరపతి పోతుందన్న భయంతో ఒక నష్టాన్ని కప్పడానికి ఇంకొక సాహసం, ఆ సాహసానికి మరికొందరి డిపాజిట్లు. ఇక్కడ మొదటి పాఠం ఉన్నది. కష్టకాలంలో మనిషిని చెడగొట్టే గుణం లోభమని మనం అనుకుంటాం. లోభం నిజమే గాని, దాని వెనుక ఎక్కువసార్లు నిలబడి ఉండేది భయం. భయపడినవాడు రెండు విధాల తప్పుతాడు. ఒకడు అవసరానికి మించి కూడబెట్టి తలుపు వేసుకుంటాడు. ఇంకొకడు పోయినదాన్ని ఒక్కసారిగా రాబట్టాలని పరుల సొమ్మును పణంగా పెడతాడు.

ఇక రెండవ పాఠం చేదుగా ఉంటుంది. ఆ కంపెనీలో సొమ్ము దాచుకున్నవారు ఏ తప్పూ చేయలేదు. కడుపు కట్టుకొని కూడబెట్టినవారే చాలామంది. కాబట్టి ధర్మంగా ఉంటే నష్టం రాదు అని పిల్లలకు చెప్పడం సత్యం కాదు. అట్లా చెబితే మొదటి దెబ్బకే వారికి ధర్మం మీద నమ్మకం పోతుంది. మన శాస్త్రంలో లాభాంతరాయ కర్మ అనే మాట ఉన్నది. ప్రయత్నం మన చేతిలోనిది, లాభం మన చేతిలోనిది కాదు అని దాని తాత్పర్యంగా నేను గ్రహించాను. కాని ఒక మాట. ఆ సిద్ధాంతం నా గుండె దిటవు చేసుకోవడానికి నాకు పనికివస్తుంది గాని, సొమ్ము పోగొట్టుకొని ఏడుస్తున్న ఆడకూతురి ముందు నిలిచి "అమ్మా, నీ కర్మ" అనడానికి పనికిరాదు. అట్లా అనడం కూడా హింసే.

ఆనాడు అట్లా అనకుండా లేచి నిలబడిన వారు ఈ మైలాపూరులోనే ఉన్నారు. న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరు గారు డిపాజిటుదారుల పక్షాన వాదించారు. అంతటితో ఆగక, మన సొమ్మును మనమే నడుపుకొనే బ్యాంకు కావాలని పెద్దలను కూడగట్టారు. నాట్టుకోట్టై చెట్టియార్లు మొదలైన వర్తకులు ముందుకు వచ్చారు. 1907 మార్చిలో ఇండియన్ బ్యాంకు రిజిస్టరై, ఆ ఆగస్టు 15న పని ప్రారంభించింది. నమ్మకం కూలిన ఏడాది తిరగకుండానే నమ్మకం మీద ఆధారపడే సంస్థను నిలబెట్టడం చూడండి. కాలం బాగులేదు గనుక ఎవరినీ నమ్మరాదు అని వారు అనుకోలేదు. నమ్మదగినది ఒకటి కట్టాలి అనుకున్నారు.

ఇప్పుడు మన శ్రావక ధర్మం ఏమంటున్నదో చూద్దాం. ఉపాసకదశాంగ సూత్రంలో వాణిజ్యగ్రామపు ఆనందుని కథ మనకందరికీ తెలిసినదే. ఆయనకు పన్నెండు కోట్ల సువర్ణం. అందులో నాలుగు కోట్లు నిధిగా దాచినది, నాలుగు కోట్లు వడ్డీ వ్యాపారంలో ఉన్నది, నాలుగు కోట్లు ఇల్లువాకిళ్లు మొదలైన ఆస్తిలో ఉన్నది. మొత్తం ఒక్కచోట పెట్టని వర్తకుని జాగ్రత్త ఇందులో కనిపిస్తుంది. అయితే ఆనందుడు మనకు ఆదర్శమైనది ఈ మూడు వంతుల లెక్కకు కాదు. మహావీరస్వామి సన్నిధిలో "ఇంతకు మించి నాకు వద్దు" అని హద్దు గీసుకొన్నందుకు. అదే పరిగ్రహ పరిమాణం. అట్లాగే తత్త్వార్థసూత్రం అచౌర్య వ్రతానికి అయిదు అతిచారాలు చెప్పింది. దొంగతనానికి ప్రోత్సాహం, దొంగసొత్తు కొనడం, రాజ్యశాసనాన్ని దాటడం, తూకం కొలతల్లో మోసం, సరుకులో కల్తీ. ఈ పట్టిక వ్రాసినవారికి బజారు ఎంత బాగా తెలుసో కదా!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2016 నవంబరులో ఒక తెలిసినవారు పాత నోట్ల కట్టలు తెచ్చి, నా పద్దులో జమచేసి మార్చి ఇస్తే నూటికి ఇరవై నాకే అన్నారు. ఆ నెల కొట్టులో బేరం లేదు, పనివాళ్లకు జీతాలు ఇవ్వాలి. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారి వద్దన్నాను. ఆ వద్దనడం ధర్మబుద్ధితోనా, పట్టుబడతానన్న భయంతోనా, నాకు ఇప్పటికీ తేలలేదు. ఒకటి మాత్రం తేలింది. నేను ముందే ఆ నియమం మనసారా పట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయి ఉండేవాణ్ణి.

మా కుర్రవాని ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే దొరికింది. నియమాలు మంచి కాలానికి, వెసులుబాటు చెడ్డ కాలానికి అన్నాడతడు. నిజానికి మంచి కాలంలో నియమంతో పెద్ద పని లేదు. తూకం సరిగా వేసినా లాభం వచ్చే రోజుల్లో తూకం సరిగా వేయడం ఏమంత గొప్ప? వ్రతమంటే బుద్ధి నిదానంగా ఉన్న రోజున, బుద్ధి చలించే రోజు కోసం చేసి పెట్టుకొన్న నిర్ణయం. వానాకాలం కోసం వేసవిలోనే కప్పు నేయించుకుంటాం. వాన కురుస్తున్నది గనుక కప్పు తీసేద్దామని ఎవరూ అనరు.

"నాకు ఏమీ లేదు, నేను దేనికి హద్దు గీసుకోవాలి?" అని అతడు మళ్లీ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. లేనివాడు ఆస్తికి హద్దు గీయనక్కరలేదు. అప్పుకు హద్దు గీయాలి, ఇచ్చే మాటకు హద్దు గీయాలి. తీర్చలేని అప్పు చేయకపోవడం, చేయలేని పనికి మాట ఇవ్వకపోవడం, ఇవి బీదవాని పరిగ్రహ పరిమాణం. మైలాపూరు లజ్ ప్రాంతంలోనే మన కళ్ల ముందు మరో దృష్టాంతం ఉన్నది. కృష్ణాజిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు కలకత్తా, బొంబాయిలలో ఒకరి దగ్గర పని నేర్చుకొని, 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీత కచేరీలలో దాన్ని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. వాడి చూసిన తర్వాతనే కొనండి అన్నట్లు! ఆ లాభం ఆంధ్రపత్రికకు, భారతికి, గ్రంథమాలకు, దేశసేవకు ప్రవహించింది. తెలుగువారు ఆయనను విశ్వదాత అన్నారు. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగినది ఆయన ఇంట్లోనే. చేతికి వచ్చిన సొమ్ము తన దగ్గరే నిలిచిపోకూడదనుకొన్న మనిషి, సొమ్ము పోతుందన్న భయానికి లొంగడు.

ఇందులో మనం ఇళ్లలో చేయగల పనులు ఉన్నాయి. పర్యుషణ రోజులలో మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనేటప్పుడు మన బాకీలు కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. నష్టం వస్తే ఇంట్లో భార్యకు, ఎదిగిన బిడ్డలకు, డబ్బిచ్చినవారికి మొదటి నెలలోనే చెబుదాం. దాచిన నష్టం రోజురోజుకూ పెరుగుతుంది. వెనుక ఒక ఏడాది తిండికి సరిపడ దాచుకోవడం లోభం కాదు. అంతకు మించిన దానిలో ఒక వంతు, పని పోయిన మన పిల్లల చేతికి పెట్టుబడిగా అందించడం అపరిగ్రహమే.

మా కుర్రవాడు ఇప్పుడు చిన్న కొట్లవారికి జి.ఎస్.టి. లెక్కలు వ్రాసి పెడుతున్నాడు. సంపాదన కొంచెమే. మొన్న ఒకరు బిల్లు తారుమారు చేయమంటే కుదరదన్నాడట. "ఆ ఖాతా పోయింది బాబాయిగారూ" అన్నాడు. "నిద్ర పట్టిందా?" అని అడిగాను. నవ్వాడు.

జై జినేంద్ర.