అడగడానికీ అడుక్కోవడానికీ మధ్య

తెలుగులో ‘అడగడం’, ‘అడుక్కోవడం’ ఒకే క్రియ నుంచి వచ్చిన మాటలు. వండుకోవడం, రాసుకోవడం, చదువుకోవడం లాంటి మాటల్లో ‘కొను’ చేరితే ఆ పని మన కోసం మనం చేసుకుంటున్నామని అర్థం. ‘అడుగు’కి అదే ‘కొను’ చేరగానే మాత్రం బిచ్చమెత్తడం అవుతుంది. తన కోసం తాను అడగడానికి మన భాష ఇచ్చిన అర్థం అది. ఇందులో ఏదో సామాజిక చరిత్ర దాగి ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఈ రెండు మాటల మధ్య దూరం ఎంత తక్కువో బాగా తెలిసేది సొంతంగా వృత్తి చేసుకునే స్త్రీలకి. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవాళ్ళు, పచ్చళ్ళు పట్టి అమ్మేవాళ్ళు, ఇళ్ళకి వెళ్ళి బ్యూటీపార్లరు పని చేసేవాళ్ళు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు. వీళ్ళకి ఒకటో తారీఖున జీతమిచ్చే యజమాని లేడు. పని చేయించుకున్న ప్రతి మనిషీ ఆ కాసేపటికి యజమానే. ప్రతి వంద రూపాయలకీ విడివిడిగా నోరు తెరవాలి. పని చేయడం ఒక శ్రమ అయితే, చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడం ఇంకో శ్రమ. ఇంటిపని గురించీ ఫ్యాక్టరీ పని గురించీ చాలానే రాసుకున్న మనం ఈ రెండో శ్రమని పెద్దగా పట్టించుకోలేదు.

బాకీ ఎగ్గొట్టడం తప్పని ఎవరైనా చెప్తారు. అక్కడ పెద్ద నైతిక సమస్యేమీ లేదు. అసలు ప్రశ్న అడిగేవాళ్ళ వైపు ఉంది. తన కూలి తాను గట్టిగా అడిగే స్త్రీని లోకం ‘డబ్బు మనిషి’ అంటుంది. డబ్బులిస్తేనే జాకెట్టు ఇస్తానంటే ‘కాస్త కూడా మొహమాటం లేదు’ అంటుంది. మొహమాటం ఒక సుగుణమా? అలా నిలబడి అడగడం నిజంగా మనసులేనితనమా?

మా అమ్మ తెనాలిలో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. నాకు పీహెచ్‌డీలో ఫెలోషిప్ వచ్చేదాకా నా చదువు ఆ మిషను మీదే నడిచింది. లైనింగు జాకెట్టు ఒకటి కత్తిరించి, కుట్టి, చేత్తో హుక్కులూ కాజాలూ వేసేసరికి ఒక పూట గడిచిపోతుంది. దారం, హుక్కులు, కరెంటు, మిషను రిపేరు అన్నీ ఆ కుట్టుకూలిలోంచే రావాలి. ఆ కూలి చేతికి రావడానికి పట్టే కాలం ఒక్కోసారి నెలలు.

డబ్బు ఇవ్వకపోవడంలో ఎన్ని పద్ధతులున్నాయో చిన్నప్పట్నించీ చూశాను. పిల్లాడిని పంపి ‘అమ్మ జాకెట్టు ఇచ్చేయమంది’ అనిపించడం ఒకటి. పిల్లాడిని డబ్బులు అడగలేరు కదా. ‘చిల్లర లేదు వదినా, రేపు ఇస్తాలే’ అనడం ఇంకొకటి. ఇప్పుడు చిల్లర స్థానంలో ‘ఫోన్లో పంపుతాలే, నెట్ రావట్లేదు’ వచ్చింది. కుట్టడం అయిపోయాక, వస్తువు చేతిలోకి తీసుకున్నాక బేరం మొదలుపెట్టేవాళ్ళు మరో రకం. ‘ఇంట్లో కూర్చుని కుట్టేదానికి ఇంతా? షాపు అద్దె కూడా లేదుగా నీకు?’ అంటారు. చంక దగ్గర పట్టేసింది, భుజం జారుతోంది అన్న ఫిర్యాదు వేరు. అందులో న్యాయం ఉంటుంది. అమ్మ మారుమాట్లాడకుండా కుట్టు విప్పి సరిచేసి ఇస్తుంది. కానీ పెళ్ళికి కట్టుకుని, గంధమూ చెమటా మరకలు పడ్డాక తెచ్చి, ‘అస్సలు కుదర్లేదు, అందుకే డబ్బులివ్వలేదు’ అనడాన్ని ఏమనాలి?

గమనించాల్సిందేమిటంటే, వీళ్ళలో చాలామంది అమ్మని వరస పెట్టి పిలిచేవాళ్ళే. వదినా, అక్కా, పిన్నీ. స్త్రీల మధ్య ఈ పిలుపుల్లో ఉన్న ఆత్మీయతని నేను కాదనను. ఒంటి కొలతలు ఇచ్చేచోట, కాన్పు తర్వాత ఒళ్ళు మారిన సంగతి చెప్పుకునేచోట ఆ దగ్గరతనం అబద్ధం కాదు. కానీ కూలి దగ్గరికొచ్చేసరికి అదే పిలుపు ఇంకో పని చేస్తుంది. ‘మనలో మనకి డబ్బులేంటి వదినా’ అన్న క్షణంలో బాకీ కాస్తా బంధుత్వానికి పరీక్ష అయిపోతుంది. బాకీ ఉన్నది ఆవిడ, పరీక్షకి నిలబడాల్సింది మాత్రం అమ్మ. పైగా ఆ బంధుత్వం ఒకవైపే నడుస్తుంది. వదినా అని పిలిచే పెద్దింటావిడ ‘నువ్వు’ అంటుంది, అమ్మ ‘మీరు’ అంటుంది. ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది, అమ్మ ఆవిడ ఇంటికెళ్తే గుమ్మం దగ్గర నిలబడుతుంది. కులమూ వర్గమూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉండి, కూలి మాత్రమే చుట్టరికంలో కలిసిపోతుంది.

దీని మూలాలు పాతవి. ఊళ్ళో చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి లాంటి వృత్తుల వాళ్ళకి పంట వచ్చాక కళ్ళంలో గింజలు కొలిచేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి అది ప్రతిఫలమే అయినా, దాన్ని ‘పెట్టడం’ అనేవారు. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకునే చాకలి స్త్రీ చేతిలోది ఆమె కూలే. చూసేవాళ్ళ కంటికి మాత్రం ఆమె అడుక్కుంటోంది. కూలిని దయగా మార్చి ఇవ్వడం మన ఊళ్ళకి బాగా తెలిసిన విద్య. గింజలు పోయి నోట్లు వచ్చినా, నోట్లు పోయి ఫోన్లు వచ్చినా, ఇచ్చే చెయ్యి పైన ఉండాలన్న అలవాటు పోలేదు.

దీనికి స్త్రీ అన్న సంగతి కూడా తోడైతే? ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’ పుస్తకంలో రెండు ఉద్యోగాలని పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకటి విమానాల్లో ప్రయాణికులకి చిరునవ్వుతో సేవలందించే వాళ్ళది. రెండోది బాకీలు వసూలు చేసే వాళ్ళది. మొదటివాళ్ళు ఎదుటిమనిషిని పెద్ద చేయాలి, రెండోవాళ్ళు తగ్గించాలి. మనసులోని భావాలని ఉద్యోగానికి తగినట్టు మలుచుకోవడమూ శ్రమేనని ఆమె వాదన. ఇంట్లో కుట్టే స్త్రీ ఈ రెండు ఉద్యోగాలూ ఒకే గుమ్మంలో, ఒకే మనిషితో చేయాలి. కొలతలు తీసుకునేటప్పుడు నవ్వు, డబ్బులడిగేటప్పుడు గట్టి గొంతు. గట్టి గొంతు వినగానే మొదటి నవ్వంతా నటనేనని ఎదుటివాళ్ళు నిర్ధారించేస్తారు. మగ మేస్త్రీ ‘డబ్బులు ఇప్పిస్తే వెళ్తానండీ’ అని వరండాలో కూర్చుంటే అది వ్యవహారం. అదే పని స్త్రీ చేస్తే ఆమె స్వభావం మీద తీర్పు.

చట్టం ఏమంటుంది? 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ నాయకత్వంలో స్త్రీలు ‘సేవ’ సంఘాన్ని కార్మిక సంఘంగా నమోదు చేయబోతే కార్మిక శాఖ మొదట ఒప్పుకోలేదు. మీకు యజమానే లేనప్పుడు ఎవరితో పోరాడతారని అభ్యంతరం. సంఘం ఉండేది కార్మికుల ఐక్యత కోసమని వాదించి వాళ్ళు నమోదు సాధించుకున్నారు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, సొంతంగా పని చేసుకునేవాళ్ళనీ ఇంటి నుంచి పనిచేసేవాళ్ళనీ కార్మికులుగా గుర్తించింది. అది మాట్లాడింది బీమా, పింఛను లాంటి పథకాల గురించి. పక్కవీధి ఆవిడ ఆర్నెల్లుగా ఇవ్వని మూడు జాకెట్ల కూలి దాని పరిధిలోకి వచ్చేది కాదు.

అయితే అంతకంటే చాలా పాత చట్టంలో ఒక ఆసక్తికరమైన చోటుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షను ప్రకారం, ఒకరు అప్పగించిన వస్తువు మీద శ్రమనో నైపుణ్యాన్నో పెట్టి పనిచేసిన మనిషికి, తన ప్రతిఫలం అందేదాకా ఆ వస్తువుని తన దగ్గరే ఉంచుకునే హక్కుంది, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే. దానికి చట్టంలోనే ఇచ్చిన రెండు ఉదాహరణల్లో ఒకటి దర్జీది. కోటు కుట్టడానికి బట్ట తీసుకున్న దర్జీ, కుట్టగానే ఇచ్చేస్తాననీ, డబ్బుకి మూడు నెలలు గడువిస్తాననీ తానే మాటిస్తే, డబ్బు రాలేదని కోటుని ఆపే హక్కు అతనికి లేదు. ఇందులో దాగి ఉన్న విషయం నాకు ముఖ్యమనిపిస్తుంది. గడువు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం కుట్టినవాళ్ళది. కట్టుకునేవాళ్ళు తమంతట తాము తీసేసుకునేది కాదు.

నైతికంగా కూడా కీలకం ఇక్కడే ఉందనుకుంటాను. కాంట్ 1785లో నీతి గురించి రాసిన పుస్తకంలో, తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకునే మనిషిని ఒక ఉదాహరణగా, కష్టంలో ఉన్నవాళ్ళకి సాయపడని మనిషిని మరో ఉదాహరణగా తీసుకున్నాడు. మొదటిది ఏ మినహాయింపూ లేని బాధ్యత. రెండోదానిలో ఎవరికి, ఎంత అన్నది మన వివేకానికి వదిలిన బాధ్యత. ‘మనలో మనకి డబ్బులేంటి’ అనే మాట ఈ రెంటినీ తారుమారు చేస్తుంది. తను తీర్చాల్సిన బాకీని తన ఇష్టం చేసుకుంటుంది. కుట్టిన మనిషి చేయగలిగిన ఔదార్యాన్ని ఆమె విధిగా మారుస్తుంది.

అమ్మ పద్దుల పుస్తకంలో కొన్ని పేర్ల పక్కన తారీఖులుండవు. ఇళ్ళల్లో పాచిపని చేసే ఒకావిడ కూతురి ఓణీల ఫంక్షన్‌కి కుట్టినవి అందులో ఉన్నాయి. ఆవిడ నెలకింత అని తీర్చింది. చివరి యాభై అమ్మే వద్దంది. అది అమ్మ ఇచ్చినది. పెద్దింటావిడ దగ్గర ఆగిపోయిన నూటయాభై అమ్మ ఇచ్చినది కాదు, ఆమె దగ్గర్నించి తీసుకున్నది. పుస్తకంలో రెండూ రాని బాకీల్లాగే కనిపిస్తాయి. కానీ అడిగే హక్కు ఉన్నవాళ్ళే వదిలేయగలరు. ఆ హక్కే లేదన్నచోట వదిలేయడానికి ఏమీ మిగలదు, పోగొట్టుకోవడమే ఉంటుంది. కాబట్టి కూలి గట్టిగా అడగడం దయకి వ్యతిరేకమన్న మాట తప్పు. దయ చూపాలంటే ముందు ఆ హక్కు చేతిలో ఉండాలి.

కొన్నేళ్ళ క్రితం అమ్మ గోడ మీద ఒక అట్ట అతికించింది. ఏ జాకెట్టుకి ఎంతో, కొలతలప్పుడే సగం ఇవ్వాలనీ, మిగతాది ఇచ్చాకే జాకెట్టు తీసుకెళ్ళాలనీ స్కెచ్ పెన్నుతో రాసింది. దాన్ని చూసి చాలామంది అన్న మాట ఒకటే: ‘మాక్కూడానా?’ ఆ ‘కూడా’లోనే ఉంది అంతా. అట్ట వాళ్ళని ఏమీ అవమానించలేదు, అందరితో సమానం చేసిందంతే. దానికి ఖరీదు లేకపోలేదు. పాత ఖాతాదార్లు కొందరు వెళ్ళిపోయారు. ఆ ఏడు శ్రావణమాసంలో ఎప్పుడూ ఉండేంత పని లేదు. హక్కుని నిలబెట్టుకోవడం ఆకలిని భరించగలిగినంత మేరకే సాధ్యమన్నది నిజం. అందుకే ‘గట్టిగా అడగండి’ అని ఒక్కొక్క స్త్రీకి సలహా ఇవ్వడం సరిపోదు. వీధిలో కుట్టేవాళ్ళు నలుగురూ అదే అట్ట అతికించగలిగితే, అలిగిన ఖాతాదారు పక్క గుమ్మానికి వెళ్ళినా అదే నియమం ఎదురవుతుంది. యజమాని లేకపోయినా సంఘం ఎందుకన్న ప్రశ్నకి జవాబు అదే.

ఇదంతా చదువుకున్న మన ప్రపంచానికి దూరంగా ఉందనుకోనక్కర్లేదు. అనువాదం చేసి ఏడాది దాటినా డబ్బు రాని స్త్రీలు మనలో ఉన్నారు. సభకి పిలిచి, ప్రయాణ ఖర్చులు అడిగితే మొహం మార్చుకునే నిర్వాహకులూ తెలుసు. మనకిచ్చే దానికి ‘పారితోషికం’ అని పేరు. సంతోషించి ఇచ్చేదని అర్థం. అంటే వాళ్ళు సంతోషించకపోతే లేదన్నమాట! మన రాతకీ అమ్మ కుట్టుకీ కూలి అనే మాట వాడడానికి మనమే సందేహిస్తాం. అదే సమయంలో, శ్రమ విలువ మీద వ్యాసం చదవడానికి వెళ్ళే స్త్రీ ఒంటిమీది జాకెట్టుని కూడా ఎవరో ఒక స్త్రీయే కుట్టి ఉంటుంది. దాని కూలి చెల్లిందా లేదా అన్నది వ్యాసం బయటి విషయం కాదు.

స్త్రీల మధ్య స్నేహానికి డబ్బు మాట చేటు చేస్తుందన్న భయం చాలామందికి ఉంది. డబ్బు మాట ఎత్తితే చెడిపోయే సంబంధం అప్పటిదాకా ఎవరి ఖర్చు మీద బాగుందో చూడాలి. వరస పెట్టి పిలుచుకోవడం ఆపనక్కర్లేదు. కొలతలిచ్చేటప్పుడు ఎంతవుతుందని అడిగి, తీసుకునేటప్పుడు లెక్కపెట్టి చేతికిచ్చి, ఆ తర్వాత కూర్చుని ఎంతసేపైనా కబుర్లు చెప్పుకోవచ్చు. వదిన అనే పిలుపుకి అప్పుడే ఒక అర్థం ఉంటుంది.