పటానికెక్కని పూర్వీకులు

పితృకర్మ చేసే గృహస్థు నీళ్లు వదిలే ముందు చెప్పే సంకల్పంలో, అంటే తాను ఎవరో, ఎక్కడ, ఏ కాలంలో, ఎవరి కోసం ఆ కర్మ చేస్తున్నాడో ప్రకటించే వాక్యంలో, స్థలనిర్దేశం చాలా దూరం నుంచి మొదలవుతుంది. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిక్కు అంటూ వచ్చి, శ్రీశైలానికి ఏ వైపున, ఏ రెండు నదుల నడుమ ఉన్నదో చెప్పి, అక్కడి నుంచి ఒక్కసారిగా కర్త ఇంట్లోకో నదీతీరానికో దిగిపోతుంది. మిర్యాలగూడ పక్కనున్న వేములపల్లి వాసి అయితే శ్రీశైలానికి ఈశాన్యం, కృష్ణా గోదావరుల మధ్యదేశం అనే రెండు ఆనవాళ్లతో ఆ భాగం ముగుస్తుంది. ఊరి పేరు చెప్పకపోయినంత మాత్రాన కర్మకు లోపం రాదు. తిథి వార నక్షత్రాల దాకా కాలాన్ని పట్టిపట్టి చెప్పే సంప్రదాయం, గోత్రం పలికి తండ్రి, తాత, ముత్తాతలను వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా పేరుపేరునా పిలిచే సంప్రదాయం, ఆ ముగ్గురూ ఏ నేల మీద బతికారన్నది మాత్రం అడగదు. వంశానికి స్థలం కావాలా, లేక అది దేహంతోపాటే రాలిపోయే ఉపాధి మాత్రమేనా అన్న ప్రశ్న ఈ మౌనంలోంచే పుడుతుంది.

కుటుంబ చరిత్ర రాసుకోవాలన్న కోరికతో పాత పటాలు వెతికేవారు, తెలిసో తెలియకో, ఆ మౌనాన్ని పూరించే పనికే దిగుతున్నారు. వారి చేతికి అందే సాధనాలు తక్కువేమీ కావు. మొదటి సాలార్‌జంగ్ నిజాం రాజ్యానికి దివానుగా ఉన్న కాలంలో, 1870లలో, బొంబాయి ప్రెసిడెన్సీ పద్ధతిని అనుసరించి భూమి సర్వే, దాని మీద శిస్తు ఖరారు చేసే బందోబస్తు మొదలయ్యాయి. ఆ పనిలోంచి వచ్చినవే గ్రామ నక్ష, ఒక్కొక్క సర్వే నంబరుకు విడివిడిగా గీసిన కొలతల చిత్తు అయిన టిప్పన్, ఆ నంబరు విస్తీర్ణాన్ని, శిస్తును, పట్టాదారు పేరును తొలిసారి నమోదు చేసిన సేత్వార్. వీటికి తర్వాతి కాలపు ఖాస్రా పహాణీని, అంటే 1954-55లో పొలం పొలానికీ హక్కుదారు ఎవరు, సాగుదారు ఎవరు అని రాసిన లెక్కను జోడిస్తే, నేటి పాసుపుస్తకంలోని నంబరు నుంచి వెనక్కి నడవడానికి దారి దొరుకుతుంది. ఖాస్రాలో పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది కనుక, ఆ ఒక్క గడి చూస్తేనే పంతొమ్మిదో శతాబ్దపు చివర పుట్టిన మనిషి దాకా వెళ్లవచ్చు. అంతకు ముందు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. సంవత్సరాలు ఫసలీలో, అంటే పంటల లెక్కతో నడిచే సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954. పేర్ల దగ్గర ఇంటిపేరు చాలాసార్లు కనిపించదు, ఫలానావాడు వల్ద్ ఫలానావాడు అని, అంటే ఫలానా వాని కొడుకు అని మాత్రమే ఉంటుంది. ఒకే ఊళ్లో ముగ్గురు రామయ్యలు, వారి తండ్రులుగా ఇద్దరు లింగయ్యలు తేలినప్పుడు ఎవరు ఎవరి తాతో తేల్చగలిగేది పేరు కాదు, పొలం. ఆ పొలం పక్క నంబరు ఎవరిదన్నదే చివరికి సాక్ష్యమవుతుంది.

టిప్పన్ చదవడం నేర్చుకున్నవారికి ఆ పని కొంత సులువు. పొలం నడిమి గుండా ఒక ఆధారరేఖ గీసి, దాని మీద నుంచి ప్రతి మూలకూ లంబంగా కొలత వేసి, ఆ అంకెలను రేఖల వెంబడే రాసి పెట్టేవారు. కొలత గొలుసు పొడవు 33 అడుగులు. రూపాయిని విభజించినట్టే దాన్ని 16 అణాలుగా విభజించారు. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ ఉన్న చదరం ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం. టిప్పన్‌లో ఒక గట్టు వెంట 7 గొలుసుల 9 అణాలని ఉంటే అది దాదాపు 250 అడుగుల గట్టు. అణా అంటే రెండడుగుల పైచిలుకు కనుక, దున్నేటప్పుడు ఎద్దులు ఏ చెట్టునో బండనో తప్పించుకు పోయినందువల్ల గట్టుకు వచ్చిన వంపు కూడా అందులో నమోదై ఉంటుంది. ఆ వంపు ఇప్పటికీ ఉంటే, ముత్తాత నడిచిన గట్టు మీదనే మునిమనవడు నడుస్తున్నాడని గణితం సాక్ష్యం చెబుతుంది. శ్రాద్ధమంత్రం ఇవ్వలేని నిశ్చయమిది. అందుకే దీని ఆకర్షణ బలమైనది, అందుకే దీన్ని అనుమానించవలసిన అవసరమూ ఉంది.

ఎందుకంటే, పటం చూసేది శిస్తు కట్టే నేలను మాత్రమే. గ్రామ నక్షలో మెట్ట నేల అయిన చెలక, నీటి సాగు నేల అయిన తరి వివరంగా ఉంటాయి. చెరువు మునక అయిన శిఖం, పశువుల మేతకు వదిలిన బంచరాయి, శిస్తు లెక్కలోంచి తీసేసిన ఖారీజ్ ఖాతా కూడా తమతమ నంబర్లతో కనిపిస్తాయి. మనుషులు పుట్టి, వండుకు తిని, పోయిన చోటు అయిన ఆబాది, అంటే ఇళ్లున్న గ్రామకంఠం, లోపల ఏ విభజనా లేని ఒకే తెల్ల మచ్చగా ఉండిపోతుంది. ఏ ఇల్లు ఎవరిది, మాలపల్లె ఎటు, మాదిగవాడ ఎటు, ఏ బావి నీళ్లు ఎవరు తోడుకోవచ్చు అన్న సంగతులు సర్వే అమీనుకు అక్కరలేదు, ఎందుకంటే వాటి మీద భూమిశిస్తు లేదు. దొర పొలంలో వెట్టి చేసిన కుటుంబం ఆ పొలం టిప్పన్‌లో ఎక్కడా ఉండదు, ఆ గట్టును వేసింది వాళ్ల చేతులే అయినా. ఊరి సేవకు మాన్యం పొందినవారు కొంత నయం: చెరువు తూము తీసి మడిమడికీ నీళ్లు వదిలే నీరటికీ, బలూతా పేరిట చేతివృత్తులవారికీ ఉన్న చిన్నచిన్న ఇనాం ముక్కలు పటంలో దొరుకుతాయి, వాటి వెంట ఒక వృత్తి, ఒక కుటుంబం కూడా దొరుకుతాయి.

మీమాంసకులు, ముఖ్యంగా కుమారిలభట్టు వర్గం, చర్చించిన ఒక ప్రమాణం ఇక్కడ నేరుగా పనికి వస్తుంది. ఒక వస్తువు కనబడకపోవడం వల్ల అది లేదని తెలియడాన్ని వారు అనుపలబ్ధి అన్నారు, దాన్ని ప్రత్యక్షం, అనుమానం వంటి వాటి సరసన వేరే ప్రమాణంగా నిలిపారు; అద్వైతులూ దాన్ని అంగీకరించారు. అయితే దానికి ఒక నియమం పెట్టారు: ఉండి ఉంటే తప్పక కనబడవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే ఆ కనబడకపోవడం అభావాన్ని రుజువు చేస్తుంది. పట్టపగలు నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. ఈ యోగ్యానుపలబ్ధి నియమాన్ని సేత్వార్‌కు వర్తింపజేస్తే, అందులో ఒక కుటుంబం పేరు లేకపోవడం ఆ కుటుంబానికి ఆ ఊళ్లో పట్టా లేదని మాత్రమే రుజువు చేస్తుంది. వారు ఆ ఊరివారు కారనడానికి అది చాలదు, వారిని చూడటానికి ఆ దస్తావేజుకు కళ్లే లేవు కనుక. ఈ తేడా పండిత చర్చకే పరిమితం కాదు. ఎవరు ఆదివాసులు, ఎవరు వలస వచ్చినవారు, ఏ కులం ఊరికి మొదటిది అన్న తగాదాల్లో పటాన్ని సాక్షిగా నిలబెట్టేవారు చీకటి గదిలో కుండ లేదని వాదిస్తున్నవారే.

మరో చిక్కు కూడా ఉంది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల పల్లెల్లో దేశ్‌ముఖుల గడీల నుంచి, పట్వారీల ఇళ్ల నుంచి అప్పుపత్రాలు, లెక్కల కట్టలు బయటికి తెచ్చి తగలబెట్టారు. పట్టా ఎన్నడూ లేని కుటుంబం పేరు రాసి ఉన్న ఒకే ఒక్క కాగితం కొన్నిచోట్ల ఆ అప్పుపత్రమే కావచ్చు. మనిషిని విడిపించిన మంట వాని ఆనవాలునూ తీసుకుపోయింది. చరిత్రకారుడు దానికి నొచ్చుకోవచ్చు గాని, ఆ కుటుంబపు వారసుడు నొచ్చుకోవలసిన పని లేదు.

శిస్తు పటం చూడనివారిని చూసిన జ్ఞానం వేరేచోట ఉంది, దాన్ని మీమాంసకులే శబ్దప్రమాణం అంటారు: నమ్మదగినవాని మాట. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, పద్మశాలీలకు మార్కండేయుని కథ పటం చూపించి చెప్పే కూనపులివారు, గొల్లలకు కథ చెప్పే మందెచ్చులవారు, రెడ్ల ఇళ్లలో గోత్రాలు ఏకరువు పెట్టే పిచ్చకుంట్లవారు తమ దాతల కులాలకు మౌఖిక చరిత్రకారులు. ఏ ఇల్లు ఏ ఊరి నుంచి కదిలి ఎక్కడ నిలిచిందో వారి మిరాసీ హద్దులే చెబుతాయి, ఎందుకంటే ఏ ఊళ్లో ఏ ఇంటి ముందు కథ చెప్పే హక్కు ఎవరిదన్నది వారిలో వారికి పంచి ఉంటుంది. ఊరి హద్దు విషయంలోనూ శిస్తు పటం, మౌఖిక పటం అనే ఇదే జంట కనిపిస్తుంది. గ్రామదేవత కొలుపు నాడు బలి అన్నాన్ని పొలిమేర వెంట చల్లుకుంటూ తిరిగే పొలి, నడుమ బొడ్రాయి, చెరువుకట్ట మీద మైసమ్మ కలిసి ఊరిని ఒక పవిత్ర స్థలంగా గీస్తాయి. ఆ గీతలో ఆబాది తెల్లగా ఉండదు, వాడవాడకూ ఒక విధి ఉంటుంది. కాని ఆ విధులు అందరికీ సమానమైనవి కావు, పొలి మోసేవాడు, బలిని అందుకునేవాడు ఏ కులంవాడో ముందే నిర్ణయమై ఉంటుంది. మౌఖిక పటం శిస్తు పటం కన్నా ఎక్కువమందిని చూస్తుంది. ఎక్కువ న్యాయంగా చూస్తుందని మాత్రం అనడానికి వీల్లేదు.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ ప్రాంతపు పటం మొత్తం మారిపోయింది. వేములపల్లి మీదుగా సాగే ఎడమ కాలువ పాత గట్లను అడ్డంగా కోసుకుంటూ పోయింది, చెలకలు వరిమళ్లయ్యాయి, కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి ఆయకట్టులో భూములు కొని స్థిరపడ్డాయి. వారి పూర్వీకుల జాడ టిప్పన్లలో ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీ వారి పొలం కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో, సాగు లెక్క అయిన అడంగల్‌లో, ఇనాం కమిషన్ రిజిస్టర్లలో వెతకాలి. కృష్ణ దిగువన పులిచింతల జలాశయం కింద నెమలిపురి, చింత్రియాల వంటి ఊళ్లు మునిగినప్పుడు పరిస్థితి తలకిందులైంది: సర్వే నంబర్లు కాగితం మీద నిలిచాయి, పొలాలు నీళ్ల కిందికి వెళ్లాయి. వంశానికి స్థలం అనివార్యమైతే ఈ కుటుంబాలు పితృహీనులు కావాలి. సంప్రదాయం అలా అనలేదు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి సంగమంలో పిండం పెట్టడానికి వచ్చేవాడు ఏ ఊరివాడో, ఆ ఊరు నేల మీద ఉందో లేదో తేలనక్కరలేదు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చునన్న ఆచారం ఉంది. తర్పణం చివర తల్లీ తండ్రీ బంధువూ లేనివారి కోసం వదిలే నీళ్లూ ఉన్నాయి. తన అజ్ఞానానికి కర్మలోనే ఒక చోటు కేటాయించడం పటాలు గీసినవారికి తట్టని ఆలోచన.

అయితే కొడుకుల వరుసనే ముందు పెట్టుకునే ఈ ఉదారతను చూసి మురిసిపోవడానికి ముందు, సాగర్ నీళ్ల కింద మునిగిన నాగార్జునకొండ లోయను తలచుకోవాలి. అక్కడ మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో, మహాచైత్యానికి స్తంభాలు నిలిపించిన చాంతిసిరి వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి. ఆమె తన దానఫలాన్ని పుట్టింటికీ మెట్టినింటికీ, ఆ రెండు వంశాల్లో గతించినవారికీ, ఉన్నవారికీ, రాబోయేవారికీ కలిపి ధారపోసినట్టు శాసనం చెక్కించింది. ఆ కాలపు రాజులు తల్లి పేరుతో వాసిష్ఠీపుత్రులుగా, మాఠరీపుత్రులుగా చెప్పుకున్నవారు. వంశమంటే కొడుకుల వరుస ఒక్కటే కాదన్న ఈ ఊహ తర్వాతి పితృకర్మలో మాతామహ వర్గానికి, అంటే తల్లి తండ్రికీ ఆయన పూర్వీకులకూ, ఇచ్చే ఉదకంలో కొంత మిగిలింది. సేత్వార్‌లో ఏమీ మిగలలేదు. అందులో స్త్రీ పేరు వచ్చేది చాలావరకు భర్త పోయి విరాసత్, అంటే వారసత్వ మార్పు, జరిగినప్పుడే. అప్పుడూ ఫలానావాని భార్య అనే ఉంటుంది, ఏ ఊరి ఆడబిడ్డో ఉండదు.

అందువల్ల ఈ ప్రాంతంలో పటాలతో వంశచరిత్ర రాయదలచినవారు ఒక ఊరి నక్షతో తృప్తి పడితే చేస్తున్నది సగం పనే. తల్లి పుట్టినూరు, నాయనమ్మ పుట్టినూరు, అమ్మమ్మ పుట్టినూరు అంటూ వెనక్కి పోతే, ఎనిమిది మంది ముత్తాతముత్తవ్వల దగ్గరికి వచ్చేసరికి, ప్రతి ఒక్కరూ వేరే ఊరివారైతే, వేములపల్లి ఒక్కదానికి బదులు ఎనిమిది గ్రామాల కాగితాలు తెరవాలి. ఆచరణలో అన్ని ఊళ్లు రావు. మేనరికం, అంటే మేనమామ బిడ్డనో మేనత్త బిడ్డనో చేసుకోవడం, తరతరాలుగా నడిచిన ఇళ్లలో అవే ఊళ్లు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి; పిల్లనిచ్చిన ఊరికే మరుసటి తరంలో పిల్లను అడగడానికి వెళతారు కనుక వేములపల్లి, ఆమనగల్లు, రావులపెంట, శెట్టిపాలెం వంటి ఇరుగుపొరుగు గ్రామాల నడుమే ఆ వంశవృక్షం చుట్టుకు తిరుగుతుంది. అటువంటి కుటుంబానికి ఒక సర్వే నంబరు టిప్పన్ కన్నా, మిర్యాలగూడ పరిసరాలన్నీ వచ్చే సర్వే ఆఫ్ ఇండియా 56 పి వరుస షీట్ల పాత ముద్రణ ఎక్కువ పనికి వస్తుంది, ఎందుకంటే కాలువ రాకముందు ఏ ఊరి నుంచి ఏ ఊరికి బండిబాట ఉండేదో, ఏ వాగు వానాకాలంలో రాకపోకలను అడ్డుకునేదో అందులోనే తెలుస్తుంది, సంబంధాలు కలుపుకున్నదీ ఆ బాటల వెంటే.