కథలో లేని కమ్మలు

విడిచిన దురభ్యాసమును నడివయస్సున నవ్వుచు చెప్పుకొనుట పెద్దమనుష్యులకును వేడుకయైనది. వరికుంటపాటిలో మిత్రులు కూడినపుడు మేమును మా పానదినములను గూర్చి యట్లే చెప్పుచుంటిమి. చెడుపనిని మానినవాడు దాని జ్ఞాపకమును మాత్రము తీపిగా దాచుకొనవచ్చునా?

మాకు దూరముకాని దూబగుంటలో 1992లో రోశమ్మగారు మొదలైన స్త్రీలు, రాత్రిబడిలో అక్షరములు దిద్దుచునే, సారాయంగడిని మూయించిరి. జిల్లాలోని యితర గ్రామముల స్త్రీలును సారాపాటలను అడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీన సారాయియు, 1995 జనవరిలో తక్కిన మద్యమును నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను. బార్ల తలుపులు మరల తెరచుకొనెను. కళాశాలలో కావ్యములు చదువుచుండిన మేము ఆ తలుపులను దాటితిమి. అక్షరములు దిద్దిన తల్లులకున్న వివేకము కావ్యములు చదివిన కొడుకులకు లేకపోయెను.

ఒకనాడు మేమా కథ చెప్పి నవ్వుచుండగా మా తల్లి గడపకడ నిలిచి వినెను. “ఆ నెలలోనే గదా నాయనా, నీ పుస్తకాలకని నా కమ్మలు తాకట్టు పెట్టినాను” అని మాత్రమనెను. ఆమె స్వరమున నింద లేదు. కాని యిన్నియేండ్లుగా చెప్పిన కథలో ఆ కమ్మల మాట యొక్కమారైనను రాలేదు.

జ్ఞాపకమును తుడిచివేయుమని మేమనము, దాచుటయు కపటమే. కథను సగము చెప్పుటయే దోషము. మన వినోదమునకు వెల చెల్లించినవారి పేరు కూడ చెప్పవలెను. అట్లు చెప్పిన పిమ్మట ఆ కథ మాకు మునుపటివలె రుచింపలేదు. పానమును మేము నిజముగా మానినది ఆనాడే యని తలంచుచున్నాము.