రోడ్డు దప్పిక

వేరుసెనగ గింజయందు నూనె ముందే యుండుటచేతనే గానుగ దానిని వెలికిదీయగలుగుచున్నదనియు, ఇసుకను ఎన్నియేండ్లు త్రిప్పినను చుక్కయైన రాదనియు, కావున కార్యము కారణమునందు అవ్యక్తముగా నుండియే తీరుననియు సాంఖ్యులు వాదించిరి. (వారు చెప్పినది నువ్వులమాట, అనంతపురమువాడను గనుక నేను వేరుసెనగ యంటిని.) నైయాయికులు దీని నొప్పుకొనక, కార్యము క్రొత్తగా పుట్టునదే యనిరి. ఈ పాతవివాదము, ఒక వేసవిలో మా ప్రాంతపు పల్లెయందు క్రొత్తగా పోసిన సిమెంటురోడ్డు ప్రక్కన నిలిచియుండగా, నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఏటికి సుమారు 550 మి.మీ. వాన మాత్రమే పడు ఈ మెట్టసీమలో ఎండకు గాలి తోడై, పచ్చికాంక్రీటునుండి చదరపు మీటరుకు గంటకు 1 కిలోకు మించి నీరు ఆవిరియైపోయినచో, అది గట్టిపడకముందే పైపొర ముడుచుకొని సన్నని చీలికలు పుట్టును. ఆ పిమ్మటను సిమెంటు బలపడుటకు దినములతరబడి తడి కావలెను. అందుకై మేస్త్రీ రోడ్డుమీద మట్టికట్టలు వేయించి, వరిమళ్ళవలె మడులు కట్టించి, ట్యాంకరు నీరు నింపించుచుండెను. ఖాళీబిందెతో వచ్చిన ఒక అవ్వ అది చూచి, "రోడ్డుకు గూడా దప్పికైతాదా నాయనా?" అనెను. "ఇప్పుడు తాపకుంటే మన చేను మాదిరే నెర్రెలిస్తాది అవ్వా" అని అతడు బదులు చెప్పెను.

పగులు విషయమున నాకు సాంఖ్యపక్షమే బలముగా తోచును. కంకరలోని కొన్నివిధముల సిలికా సిమెంటులోని క్షారముతో కలసి, నీరు త్రాగి ఉబ్బు జిగురుగా మారి, కాంక్రీటును లోపలినుండి చీల్చునని 1940లో కాలిఫోర్నియాయందు థామస్ స్టాంటన్ వెల్లడించెను. అనగా ఆ వినాశము పోసిననాడే కలుపులో చేరియున్నది. (ఈ వ్యాధికి తేమ కావలెను గనుక మా కఱవు దానికి కొంత పథ్యమే.) తాడిపత్రి ప్రాంతమున త్రవ్వి, కాల్చి, సిమెంటుగా మార్చిన సున్నపురాయి సంగతియు నట్టిదే: గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోని సున్నమును పైనుండి మెల్లగా మరల ఆ రాతిపదార్థముగనే చేయుచుండును. నాశమనగా కారణమునందు లయమే యను మతమునకు ఇంతకంటె స్థూలమైన నిదర్శనము నే నెఱుగను.

ఇంజనీర్లును ఈ మతస్థులే కాబోలు. రోడ్డు గట్టిపడిన కొన్నిగంటలలోనే 4, 5 మీటర్ల కొకచోట రంపముతో అడ్డముగా గాడి కోయుదురు; పగులు రానే వచ్చునని యొప్పుకొని, దానికి చోటు చూపుదురు.

అయినను, పగులు కలుపులోనే యున్నదన్నంత మాత్రమున తడుపనివాని దోషము తొలగునా? బిందె ఖాళీగా నుండగా తడిపినవాని మాట యేమి? ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో ఈ రెండవప్రశ్నకు నాకు సమాధానము దొరకలేదు. ఆనాడు మేస్త్రీ మాత్రము గొట్టమును మడినుండి తీయించి ముందు బిందెలో పెట్టించెను. నిండినదానిని చంక నెత్తుకొని అవ్వ, క్రొత్తరోడ్డు త్రొక్కకుండ, అంచువెంబడి నడిచిపోయెను.