కన్నెవరిది, కోరికెవరిది

ఇంద్రియములలో కన్నే ప్రధానమని మన పెద్దలు చెప్పుచుందురు. మన భాషలో ప్రేమకు పరమావధి యేదన, కంటికి రెప్పవలె కాపాడుటయే. అట్టి కన్నును, అందునను రోగమేమియు లేని కన్నును, కేవలము కండ్లజోడు వదలించుకొనుటకై లేసరు యంత్రము క్రింద నుంచవచ్చునా యను ప్రశ్న నేడు మన యిండ్లలో తరచుగ వినబడుచున్నది. ఇది వైద్యుల ప్రశ్న యని త్రోసివేయుటకు వీలులేదు. ఎంత కోయవచ్చునో వైద్యుడు చెప్పగలడు. కోయించుకొనవలెనా యనునది ఆయన చెప్పవలసిన మాట కాదు. ఈ విషయము మా షోలాపురములో మేమెరిగిన యొక కుటుంబమువారి తగవుగా మా యొద్దకు వచ్చినందున, దీనిని గూర్చి కొంత ఆలోచింపవలసి వచ్చినది. ఆ తగవు సంగతి తరువాత చెప్పెదము. ముందుగా ఈ చికిత్స యెట్టిదో తెలిసికొనుట మంచిది.

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె నొక తేటయైన పొర కలదు. దానిని కార్నియా యందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. అందు రక్తనాళములు లేవు. తనకు కావలసిన ప్రాణవాయువును అది చాలవరకు గాలినుండియే గ్రహించును. కంటిలోనికి వచ్చు వెలుతురును వంచు పనిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు దీనిదే. హ్రస్వదృష్టి గలవారి కన్ను సాధారణముగ ముందువెనుకల కొంచెము పొడవుగ నుండును. అందుచే దూరపు వస్తువుయొక్క బింబము లోపలి తెరపై పడక, దానికి ముందే యేర్పడును. మైనస్ 5 నంబరు గలవానికి జోడు లేకున్నచో జానెడు దూరమునకు మించి ఏదియు స్పష్టముగ కనబడదు. కార్నియా వంపును కొంత తగ్గించినచో బింబము వెనుకకు జరిగి తెరపై కుదురుకొనును. చికిత్స యంతయు ఈ చిన్న సూత్రముపైననే నిలిచియున్నది.

సూత్రము చిన్నదే గాని, దాని చరిత్ర మనలను జాగ్రత్త పడుమని హెచ్చరించుచున్నది. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున జపాను దేశములో సాటో యను నేత్రవైద్యుడు కార్నియాకు వెలుపలనే గాక లోపలివైపున గూడ గాట్లు పెట్టి హ్రస్వదృష్టిని తగ్గించెను. వందలకొలది కండ్లకు చేసిన ఆ చికిత్స మొదట ఫలించినట్లే కనబడినది. కార్నియా లోపలివైపున నున్న సన్నని కణముల వరుసయే దానిని తేటగా నిలుపుచున్నదను సంగతి అప్పటి వైద్యులకు సరిగా తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట, పలువురి విషయమున రెండు దశాబ్దముల తరువాత, ఆ కండ్లు మబ్బుపట్టినవి. సాటో దుర్మార్గుడు కాడు. మేలు చేయవలెననియే పూనుకొన్నాడు. తన కాలపు విద్య యెంతవరకు వచ్చినదో అంతవరకే ఆయన చూడగలిగెను. ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల మాకు వైద్యునిపై కోపము రాదు గాని, ఆరోగ్యముగ నున్న అంగమును ముట్టునపుడు ఎంత వెనుకముందు లాలోచింపవలెనో గుర్తునకు వచ్చును. రోగి కంటిని ముట్టి వైద్యుడు పొరబడినచో, ఎటులైనను పోవలసిన చూపు పోయినదని సరిపెట్టుకొనవచ్చును. జోడుతో నిక్షేపముగ చూచుచున్న కంటి విషయమున ఆ యూరట లేదు.

కత్తి స్థానమున వెలుతురు వచ్చిన కథ విచిత్రమైనది. మదరాసు విశ్వవిద్యాలయమున చదివి అమెరికాకు వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్, తన సహోద్యోగులైన జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అను వారితో కలిసి ఐ.బి.యం. సంస్థ పరిశోధనశాలలో పనిచేయుచుండెను. 1981 నవంబరులో, పండుగ విందులో మిగిలిన టర్కీకోడి తునకను ఆయన పరిశోధనశాలకు తెచ్చి, దానిపై ఎక్సైమర్ లేసరును ప్రయోగించి చూచిరి. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఆ కంటికి కనబడని వెలుతురు, చుట్టుప్రక్కల కాల్చకయే, గీత గీచినట్లుగ మాంసమును తొలగించినది. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అను నేత్రవైద్యుడు శ్రీనివాసన్‌తో కలిసి జంతువుల కార్నియాపై దానిని పరీక్షించెను. నేడు లక్షలాది మంది జోడు లేక నడయాడుచున్నారన్న, దాని మూలమొక విందులో మిగిలిన మాంసపుముక్క! ఎంగిలాకును తీసి పారవేయు మనము ఈ ముచ్చట విని కొంచెము నవ్వుకొనవచ్చును.

తరువాత వచ్చిన లాసిక్ పద్ధతిలో కార్నియా పైపొరను మూతవలె సుమారు 20 మిల్లీమీటర్ల పొడవున కోసి పైకెత్తి, లోపల లేసరుతో చెక్కి, మరల మూసివేయుదురు. అంతకంటె కొత్తదైన స్మైల్ అను పద్ధతిలో మూత యుండదు. ఫెమ్టోసెకను లేసరు కార్నియా లోపలనే పలుచని బిళ్లను వేరుచేయును. ఫెమ్టోసెకను అనగా సెకనును పది కోట్ల కోట్ల భాగములు చేయగా వచ్చు ఒక భాగము. ఆ లేసరు మెరుపులు అట్టి లెక్కలో కొన్ని వందలు మాత్రమే నిలుచును. వేరుపడిన బిళ్లను 2 మొదలు 4 మిల్లీమీటర్ల గాటుగుండ బయటకు లాగివేయుదురు. ఇట్టి అతిస్వల్పకాలపు లేసరు మెరుపులను ప్రబలముగ చేయు విధానమును 1985లో కనుగొన్నందుకే జెరార్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్ అను వారికి 2018లో నోబెల్ బహుమానము లభించినది. స్మైల్ పద్ధతి ఫలితములను జర్మనీ వైద్యులు 2011లో ప్రకటించినప్పుడే, మన దేశపు బరోడా వైద్యులును ప్రకటించిరి. 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ దీనిని అంగీకరించినది. గాటు చిన్నదగుటచే కార్నియాలోని నాడీతంతువులు తక్కువ తెగును. తక్కిన పద్ధతికంటె కంటి పొడితనము కొంత తగ్గునని వైద్యుల అనుభవము.

ఇంత సుకరమైన పిమ్మట అభ్యంతర మెందులకు? సాధారణముగ వినబడు మొదటి యభ్యంతరము, దేవుడిచ్చిన దేహమును మార్చరాదనునది. దీనిని మేమంగీకరింపలేము. నెలల పసిబిడ్డకు, వాని సమ్మతి యడుగకయే, చెవులు కుట్టించుట మనకు సంస్కారము. ఆ చెవికి ఏ రోగము కలదని కుట్టించితిమి? వంకర పండ్లకు తీగ కట్టించుచున్నాము. దేహమును ముట్టరాదను నియమమును మనము పాటించుచుండలేదు, పాటించుచున్నట్లు నటించుచున్నాము. రెండవ యభ్యంతరము, జోడుతో పని జరుగుచుండగా కోతయెందుకనునది. దీనిలో బలము కలదు. కాని జానెడు దూరము దాటి చూడలేని వానికి జోడు అలంకారము కాదు, ఊతకర్ర. వానలో బండి నడుపువారికి, కొలిమి దగ్గర పనిచేయువారికి, కొన్ని కొలువులలో చేరదలచువారికి అది చాలదు. ఊతకర్ర లేక నడువవలెనను కోరికను దురాశ యని యెట్లనగలము?

అయినను ఈ చికిత్స చేయలేనివి కొన్ని కలవు. వాటిని చెప్పక యంత్రమును మాత్రమే పొగడుట న్యాయము కాదు. పొడవైన కన్ను పొడవుగనే యుండును. అందుచే నంబరెక్కువగ నున్నవారికి లోపలి తెర ఊడు ప్రమాదము జోడుతోపాటు పోదు; పరీక్షలు చేయించుకొనుచునే యుండవలెను. నలుబదేండ్లు దాటగానే వచ్చు చత్వారము వచ్చియే తీరును. కొందరికి కండ్లు పొడిబారును, రాత్రివేళ దీపముల చుట్టు వలయములు కనబడును. ఇవి చాలమందికి క్రమముగ తగ్గును, కొందరికి తగ్గకపోవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగ, చూపు దిద్దబడును గాని వంశము దిద్దబడదు. తల్లిదండ్రుల హ్రస్వదృష్టి పిల్లలకు వచ్చు అవకాశమును ఏ లేసరును తుడిచివేయజాలదు. ఈ చివరి మాట ఆ తగవునకు మిక్కిలి సంబంధించినది.

మేము చెప్పదలచిన కుటుంబము మరమగ్గముల మీద బ్రతుకువారు. వారి పెద్దలు తెలంగాణమునుండి వచ్చి షోలాపురమున స్థిరపడి నాలుగు తరములైనది. ఇంటి ఆడుబిడ్డకు చిన్ననాటినుండి జోడు కలదు. నంబరు 5 దాటినది. చదువు ముగించి ఉద్యోగమున చేరిన పిమ్మట, జోడుపై వాన పడి దారి కనబడక ఒకనాడు బండిమీదినుండి పడినది. అప్పుడామె ఈ చికిత్స చేయించుకొందునని తండ్రి నడిగినది. ఆయన ఒప్పుకొనలేదు. తెగిన పోగును అతుకు జాతివారము, మంచి కంటిని తెంపుకొందుమా యని కోపించెను. రెండేండ్లు గడచినవి. ఒక సంబంధము వచ్చినది. వరునివైపువారు పిల్ల నచ్చినదనియు, జోడు మాత్రము తీయించవలెననియు కబురు పంపిరి. ఆనాడు కాదన్న తండ్రియే, అప్పుచేసియైనను చికిత్స చేయించెదనని పరుగెత్తెను. ఈసారి బిడ్డ ఒప్పుకొనలేదు. తండ్రి మా సలహా గోరి వచ్చి, పట్టణమున ఇట్టి చికిత్స చేయించుకొన్న పిల్లల పేర్లన్నియు ఏకరువు పెట్టెను. మేమామెను పిలిచి యడిగితిమి. ఆమె సమాధానమును ఉన్నది ఉన్నట్లుగనే వ్రాయుచున్నాము: “పెద్దనాయనా, నాకు కావలసినప్పుడు ఇది దేవుడిచ్చిన కన్ను. వాళ్లకు కావలసినప్పుడు కోయదగ్గ కన్ను అయిందా?”

ఆ మాటకు మా యొద్ద జవాబు లేదు. తండ్రి యొద్దను లేదు. చికిత్స అదే, యంత్రమదే, కన్నదే. అయినను ఆమె కోరినప్పుడును వారు కోరినప్పుడును అది ఒకే కార్యము కాదు. మొదటిది తన చూపునకై చేసికొనునది. రెండవది తనను చూచువారి చూపునకై చేయించునది. జోడు పెట్టుకొన్న పిల్లను చూచి ముఖము చిట్లించువారి యందు దోషముండగా, చికిత్స ఆమె కంటికి జరుగుట యెంతటి విపరీతము! పైగా వరునివైపువారి భయము నిజముగ సంతానమును గూర్చినదైనచో, ఆ భయమునకు లేసరు మందు కాదు. అది జోడును దాచును గాని, దాచిన సంగతి బిడ్డ కండ్లలో బయటపడును. ఇట్టి పెండ్లిలో తీసివేయబడునది లోపము కాదు, లోపముయొక్క గురుతు మాత్రమే. అమ్మాయి జోడు ధరించునను సంగతిని వివాహమునకు ముందు ఎరుకపరుపవలెనా యని కొందరడుగుచుందురు. ఎరుకపరుపవలెననియే మా యభిప్రాయము. వరునికిని అదే నియమమని కూడ కలుపుచున్నాము. మగపిల్లవాని జోడు చదువునకు గురుతుగను, ఆడుపిల్ల జోడు అవకరముగను లెక్కించు సంఘమునకు నేత్రవైద్యుడు చేయగలిగినది స్వల్పము.

భారతములో నొక ఘట్టము ఇచ్చట స్మరింపదగినది. యుద్ధమునకు ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుని యొద్దకు వచ్చి, సమరమును చూడగోరుదువేని నీకు చూపునిత్తునని చెప్పెను. పుట్టుగ్రుడ్డియైన రాజు, చుట్టముల చావును కన్నులార చూడజాలననియు, వినిన చాలుననియు చెప్పి వలదనెను. దివ్యదృష్టి సంజయునికి దక్కినది. ధృతరాష్ట్రుని నడవడిని మనము మెచ్చుకొనము. కాని వ్యాసుని పద్ధతి గమనింపదగినది. ఆయన తండ్రి, మహర్షి, ఇవ్వదలచినది మేలైన వస్తువు. అయినను అడిగెను. వలదన్నప్పుడు బలవంతపెట్టలేదు.

ఇంకొక సంగతి చెప్పక మానలేము. ఈ చికిత్సను గూర్చి తర్జనభర్జన పడగలుగుట జోడున్న వారి భాగ్యము. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారము, నివారింపదగిన లేక ఇంకను చికిత్స యందని చూపులోపముతో బాధపడువారు కనీసము 100 కోట్లమంది. అందులో 80 కోట్లకు పైగా చత్వారమునకు తగిన జోడు లేనివారే. మా పట్టణములో బీడీలు చుట్టు స్త్రీలును, పోగులతుకు ముసలివారును ఈ లెక్కలోనివారే. ఆ తండ్రి తల్లియే, సూదిలో దారమెక్కించుటకు మనుమరాలిని పిలుచుచు పదేండ్లు గడపినది. ఇంటిలో నెవ్వరికిని ఆమెకొక జోడు కొనవలెనని తోచలేదు. ఈ మాట మేమనగా ఆయన తల వంచుకొనెను. మరునాడే కొనిపెట్టెనని విన్నాము.

తగవు ఎట్లు ముగిసినదో చెప్పవలెను. ఆమె ఆ సంబంధమును వలదన్నది. తండ్రి నొచ్చుకొన్నను ఊరకుండెను. ఆరు మాసముల తరువాత తన జీతపు డబ్బుతో, తన కోరికపైననే, ఆమె పరీక్షలకు వెళ్లినది. తండ్రి వెంట వెళ్లెను. వైద్యుడు కార్నియా ఆకారమును పటముగ తీసి చూచి, అడుగుభాగమున కొంచెము పలుచనై ముందుకు వంగు లక్షణము కనబడుచున్నదనియు, ఇట్టి కంటినుండి పదార్థమును తీసినచో అది క్రమముగ ఉబ్బి చూపు చెడవచ్చుననియు చెప్పి, చికిత్స చేయననెను. తప్పక దొరకు సొమ్మును వదలుకొన్న ఆ వైద్యుని మేము మనసులోనే అభినందించితిమి. ఆమె మాత్రము ఆ సాయంకాలము ఏడ్చినదట. వరునివైపువారి మాట విని తొందరపడి మరెక్కడనైనను చేయించియుండిన నేమయ్యెడిదోయని తండ్రి మాతో పలుమారులన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చదు. తన కోరిక తీరలేదన్న సంగతి ఆ “అదృష్టము” క్రింద మరుగుపడుచున్నదని ఆమె బాధ. మాకది న్యాయమైన బాధగనే తోచినది.

ఈ సంచిక అచ్చుప్రతులను మా సంఘము తరపున దిద్దినవారిలో ఆమెయు నొకతె. ఈ వ్యాసమును ముందుగనే ఆమెకు చూపి, తన సంగతి వ్రాయుటకు అనుమతి పొందితిమి. మేమొకచోట “పాపము, ఆ బిడ్డ” యని వ్రాసియుంటిమి. నల్లని దళసరి చట్రపు కొత్త జోడును ముక్కుపైకి జరుపుకొని, ఎర్రసిరాతో ఆ మాటలను కొట్టివేసి, తక్కినదంతయు ఉంచవచ్చునని చెప్పి కాగితములను మాకు తిరిగి యిచ్చినది.